తట్టి చూడటం

ఇరవై రెండేళ్లు పలకల ఫ్యాక్టరీలో నా పని
వేలి కణుపుతో తట్టి వినడం.
మంచి పలక కంచులా పలుకుతుంది.
లోపల చీలికున్నది
జలుబు చేసిన గొంతుతో జవాబిస్తుంది.
కంటికి కనపడకపోయినా చెవికి దాగదు.

ఫ్యాక్టరీకి తాళం పడింది. నా చెవి మాత్రం నాతోనే ఉంది.

మార్కాపురం దాటి తర్లుపాడు రోడ్డెక్కితే
గని చెత్త గుట్టల కింద మా పేట,
నూట నలభై గడపలు
మూడు వార్డుల్లో.
గీత ఎవరు గీశారోగానీ
గాలెమ్మ వంటిల్లు పదకొండులో పడింది,
పంచ పన్నెండులో పడింది.
కాశింబీ, ఆమె తోడికోడలు ఒకే గోడకి అటూ ఇటూ.
ఒకామె ఓటు పక్క బడిలో,
ఒకామెది రైలు గేటు అవతల.
నీళ్ల ట్యాంకరు మా మలుపు దాకా వచ్చి
ఏదో గుర్తొచ్చినట్టు వెనక్కి తిరుగుతుంది.
పదకొండాయన 'మీరు పన్నెండు కదా' అంటాడు.
పన్నెండాయన 'పదిహేడులో అడగండి' అంటాడు.
పదిహేడు కౌన్సిలరు ఆడమనిషి,
మాట్లాడేది ఆమె మొగుడు.
ఆమె గొంతెట్టా ఉంటుందో మాకింతవరకూ తెలీదు.
ప్రతి వార్డులోనూ మేం
తూకమయ్యాక పైన వేసే కొసరు.

ఆదివారం రాత్రి అర్జీకి కూచున్నాం.
ఉన్నవి నాలుగే తెల్లకాయితాలు, తప్పు పోతే దండగ.
ఇశ్రాయేలు అటక మీంచి పాత పలక దించాడు.
తట్టాను. అలవాటు.
ఫరవాలేదు, రాయొచ్చు.

'మహారాజశ్రీ' అని మొదలెట్టాను.
నాకు తెలిసిన అర్జీ అదే.
'రాజులు పోయి ఎన్నాళ్లాయె?' అంది గాలెమ్మ.
తుడిచాను.
'తమరి దయగల సముఖమునకు'
తుడిచాను.
'ప్రార్థించుచున్నాము' దగ్గర పెద్ద గొడవ.
వంగితేనే పనవుద్దని చెంచయ్య,
'ప్రార్థన యాడ చేయాలో నాకు తెలుసు,
ఆఫీసులో గాదు' అని కాశింబీ.
తడిగుడ్డ. మళ్లీ నలుపు.
తెల్లారేసరికి పలక మీద నిలిచింది ఇంతే:

మా పేటనంతా ఒక వార్డు చేయండి.
మాలో ఒకరు నిలబడితే మేమంతా ఓటేయగలగాలి.
జాబితాలో బతికుండీ లేనివాళ్లు యాభై ఎనిమిది మంది,
పోయి కూడా ఉన్నవాళ్లు ఇరవై ఆరు.
సరిచేయమని అడుగుతున్నాం.

ఆ ఇరవై ఆరు పేర్లూ నేనే చదివాను,
ఇశ్రాయేలు కాయితం మీదికెక్కించాడు.
వరస సంఖ్య నాలుగువందల పన్నెండు దగ్గర
నా గొంతాగింది.
తిరుపాలమ్మ.
పలక దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుని పోయింది, తొమ్మిదేళ్లు.
ఓట్లొచ్చిన ప్రతిసారీ జాబితా గోడకంటిస్తే
నేను ముందు చూసేది ఆ పేరే.
నా కింద, నా ఇంటి నంబరుతో
ఇంకా ఇరవై తొమ్మిదేళ్ల ఫోటోతో.
ఆమె ఓటు ఎవడో వేస్తున్నాడని తెలుసు.
తెలిసీ ఆ పేరు ఉంటే బాగుండేది.
ఎవరూ తొందరపెట్టలేదు.
కాశింబీ టీ గ్లాసు నా వైపు జరిపింది.
'రాయి' అన్నాను. రాశాడు.

సోమవారం. ఆర్డీవో ఆఫీసు వరండాలో
నూట పన్నెండు సంతకాలు, అరవై వేలిముద్రలు,
వేళ్లకి ఇంకా ఆరని నీలం సిరా.
లోపలికి నలుగురినే రానిచ్చారు.
ఆయన కాయితం తిప్పాడు, మళ్లీ తిప్పాడు.
'ఇంత చిన్న అర్జీనా?' అన్నాడు.
'పెద్దదే సారూ, తుడిచాం' అంది గాలెమ్మ.
నవ్వాడో లేదో తెలీలేదు.
'పైకి పంపిస్తాం' అన్నాడు.
ఆ మాట అన్నప్పుడు
నా వేలు నాకు తెలీకుండానే
బల్ల అంచు మీద ఒక్కసారి తట్టింది.

మెట్లు దిగుతుంటే గాలెమ్మ అడిగింది,
'ఏం పలికిందయ్యా?'

రసీదు మడిచి జేబులో పెట్టుకున్నాను.
ట్యాంకరు వచ్చే వేళయింది, బిందెలు లైన్లో పెట్టాలి.
'ఒక్క దెబ్బకి తెలీదమ్మా' అన్నాను.
'వచ్చే సోమవారం ఇంకోసారి తట్టాల.'